టైరు కన్నా ముందు రిమ్ము

హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరానికి సామాను కట్టుకొని సైకిలు మీద పోదామనుకునేవాళ్ళకు మొదట వచ్చే సందేహం టైరు గురించే. సన్నటిది వేయించాలా, లావుపాటిది వేయించాలా? అంగట్లో నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. ప్రశ్నలోనే సగం తప్పిపోవడం దీనికి కారణం. టైరు తనంతట తాను పనిచేసే వస్తువు కాదు. గాలి నిండాక అది ఏ ఆకారానికి వస్తుంది, బరువు పడితే ఎంత కుంగుతుంది, మలుపులో ఎంత ఊగుతుంది అన్నవి సగానికి సగం దాన్ని పట్టి ఉంచే రిమ్ము చేతిలో ఉంటాయి. బరువుతో దూరం పోయే సైకిలుకు ముందు రిమ్ము లోపలి వెడల్పు తెలియాలి. ఆ వెడల్పుకు దాదాపు రెండింతలుండే టైరు ఆ తర్వాత, గాలి ఎంత కొట్టాలన్నది అన్నిటికన్నా చివర. మనవాళ్ళలో చాలామంది సరిగ్గా దీనికి తలకిందులుగా నడుస్తారు: ముందు టైరు కొంటారు, దాని పక్కన అచ్చేసి ఉన్న గరిష్ఠ పౌండ్ల దాకా గాలి కొడతారు, రిమ్ము సంగతి అది పగిలిన రోజు చూస్తారు.

దారి చూస్తే ఈ వరుస ఎందుకు ముఖ్యమో తెలుస్తుంది. హిందూపురం సముద్రమట్టానికి 621 మీటర్ల ఎత్తున ఉంది, ధర్మవరం 345 మీటర్ల దగ్గర. మధ్యలో సుమారు 80 కిలోమీటర్లు. కాగితం మీద ఇది నెమ్మదిగా దిగే దారి, నేల మీద మాత్రం గుట్టల మధ్య ఎక్కుతూ దిగుతూ పోయేది. పెనుకొండ పక్కగా 44వ నంబరు జాతీయ రహదారి పోతుంది. ఎర్రమంచి దగ్గర 2019లో కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక ఆ దారిన బరువు బండ్ల రద్దీ ఇంకా పెరిగింది. రహదారి తారు నున్ననే, కానీ సైకిలుకు దక్కేది దాని అంచు. అక్కడ ఊడ్చినట్టు పోగుపడేవి లారీ టైర్లు చిట్లినప్పుడు రాలే సన్నటి ఉక్కు తీగలు, గ్రానైటు రవ్వలు. రహదారి దిగితే అతుకుల తారు, ఆ పైన గరుసు రోడ్డు. చెరువుకట్టల మీదికో, కోట దారులకో మళ్ళాలనుకుంటే గరుసు తప్పదు. దారికి రెండు పక్కలా సర్కారు తుమ్మ, కింద పల్లేరుగాయలు. ఇలాంటి దారిలో క్యారియరు మీద 15, 20 కిలోలు కట్టుకొని పోయేవాళ్ళకు పందెం సైకిలు లెక్కలు పనికిరావు.

రిమ్ము దగ్గరికి పోయేముందు అంకెల చిక్కు ఒకటి విప్పుకోవాలి. మన ఊళ్ళలో ‘28 టైరు’ అంటే పాత నల్ల సైకిలు టైరు, 28 × 1½. దాని అసలు కొలత 40-635: గాలి నిండితే సుమారు 40 మిల్లీమీటర్ల వెడల్పు, రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఇప్పుడు గేర్ల సైకిళ్ళకు వచ్చే 700సి టైరును కూడా కొందరు తయారీదారులు 28 అనే అచ్చేస్తారు, దాని వ్యాసం మాత్రం 622. కొండల సైకిళ్ళవాళ్ళు 29 అని పిలిచేదీ ఈ 622నే! 26 సంగతి ఇంకా గందరగోళం. 26 × 1⅜ అని భిన్నంలో రాస్తే 590, 26 × 1.75 అని దశాంశంలో రాస్తే 559. లెక్కల మాస్టారు రెండూ ఒకే రకం సంఖ్యలంటారు గానీ టైరు మాత్రం ఒకదాని రిమ్ముకు ఇంకోటి ఎక్కదు. అంగుళాలను నమ్మొద్దు. టైరు పక్కన చిన్న అక్షరాల్లో 37-622 వంటి రెండు అంకెల గుర్తు ఉంటుంది, యూరప్ టైరు-రిమ్ము సంస్థ ఈటీఆర్‌టీవో తెచ్చిన ఈ పద్ధతే అంతర్జాతీయ ప్రమాణమైంది. రెండో అంకె రిమ్ముతో అచ్చంగా కలవాలి, అందులో బేరం లేదు. మొదటి అంకె దగ్గరే మన ఎంపిక.

ఆ ఎంపికకు హద్దు గీసేది రిమ్ము లోపలి వెడల్పు. జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరు చేసినప్పుడు అది చక్రానికి అంటించిన గొట్టం మాత్రమే, పంక్చరు వేయాలంటే పీకి మళ్ళీ అంటించాలి. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు రెండు అంచుల్లోనూ సాగని తీగ పెట్టి, రిమ్ము నడుమ ఒక కాలువ తీశాడు. ఒక అంచు ఆ కాలువలోకి జారితే ఎదుటి పక్క అంచు రిమ్ము దాటి బయటికి వస్తుంది. ఇవాళ పంక్చరు షాపులో రెండు పట్టీలతో టైరు విప్పడం ఆ ఉపాయం వల్లే. తీగ టైరు వ్యాసం పెరగకుండా కాస్తుంది, రిమ్ము రెండు గోడలు టైరు పక్కలకు విచ్చుకోకుండా కాస్తాయి. ఈ గోడల లోపలి ముఖాల మధ్య దూరమే లోపలి వెడల్పు. మంచి రిమ్ముల మీద 622×19 అని చెక్కి ఉంటుంది, అందులో 19 అదే. లేకపోతే టైరు విప్పి, గోడ పైన లోపలికి వంగి ఉండే కొక్కెం అంచు నుంచి ఎదుటి కొక్కెం అంచుకు స్కేలుతో కొలుచుకోవడం రెండు నిమిషాల పని. బయటి వెడల్పు కొలిచి అదే లోపలిదనుకుంటే నాలుగైదు మిల్లీమీటర్లు తేడా వస్తుంది, ఆ తేడాకే ఒక సైజు టైరు మారిపోతుంది.

టైరు లోపల గాలి చేసే పని చూద్దాం. ధర్మవరం మగ్గం మీద పడుగు, పేక ఒకదాన్నొకటి అల్లుకుంటాయి. టైరులోని నూలు మాత్రం అల్లిక లేకుండా, ఒక పొర ఇటు ఏటవాలుగా, ఇంకో పొర అటు ఏటవాలుగా, మధ్యలో రబ్బరుతో ఉంటుంది. అల్లితే తిరిగే చక్రంలో పోగులు ఒకదాన్నొకటి కోసుకుంటాయి. ఈ నూలు పొర మీద గాలి తెచ్చే లాగుడుకు లెక్క చాలా సులువు: గాలి ఒత్తిడిని టైరు వెడల్పులో సగంతో గుణిస్తే చాలు. 25 మి.మీ. టైరులో 100 పౌండ్ల గాలి కొట్టినా, 40 మి.మీ. టైరులో 62 పౌండ్లు కొట్టినా నూలు మీద లాగుడు ఒక్కటే, ప్రతి సెంటీమీటరు పొడవుకూ దాదాపు తొమ్మిది కిలోల బరువు వేలాడదీసినంత. ఆ లాగుడును చివరికి భరించేది రిమ్ము గోడ. పంపు పట్టినవాళ్ళలో ఎక్కువమందికి తెలియని సంగతి ఇక్కడుంది. లావు టైరుకు సన్న టైరు అలవాటుతో 100 పౌండ్లు కొడితే రిమ్ము మీద భారం అరవై శాతం పెరుగుతుంది. బ్రేకు రబ్బర్లు ఏళ్ళ తరబడి గోకి గోడ పలచబడ్డ అల్యూమినియం రిమ్ము నిలువునా చీలడానికి అంతకన్నా ఏం కావాలి? లావు టైరు రిమ్మును పాడుచేసిందని నింద టైరు మీదికి పోతుంది, అసలు దోషం పంపు పట్టిన చేతిది.

రెండింతలన్న లెక్క వేదవాక్కేమీ కాదు. పాత పట్టికల సారం తీస్తే, టైరు వెడల్పు రిమ్ము లోపలి వెడల్పుకు దాదాపు ఒకటిన్నర నుంచి రెండున్నర రెట్ల మధ్య ఉండాలి. తయారీదారుల పట్టికలు అంచుల దగ్గర ఒకదానితో ఒకటి పేచీ పడతాయి, నడిమధ్యలో మాత్రం అందరూ కలుస్తారు. 19 మి.మీ. రిమ్ముకు 28 మొదలుకొని 40 పైదాకా సుఖంగా పడతాయి. అదే రిమ్ము మీద 60 మి.మీ. టైరు కొన్ని పట్టికల ప్రకారం ఎక్కుతుంది గానీ, ఎక్కడం వేరు, బరువు మొయ్యడం వేరు. ఇరుకు రిమ్ము మీద లావు టైరు కింద సన్నగా, పైన ఉబ్బుగా నిలుస్తుంది. గాలి తగ్గించగానే సామాను బరువుకు పక్కలకు ఒరుగుతుంది, మలుపులో వెనక చక్రం మన మాట వినడం లేదనిపిస్తుంది. ఆ ఊగుడును ఆపడానికి గాలి ఎక్కువ కొడతాం, అప్పుడు లావు టైరు వేసిన లాభమే పోతుంది, పైగా ఇందాక చెప్పిన గోడ భారం మొదలవుతుంది. రిమ్ము వెడల్పైతే అదే టైరు కొంచెం విచ్చుకొని నిలబడుతుంది. జ్యామితి లెక్క ప్రకారం రిమ్ము ఒక మిల్లీమీటరు పెరిగితే టైరు సుమారు 0.4 మి.మీ. వెడల్పవుతుంది. పాదం విశాలమైన కొద్దీ తక్కువ గాలికీ ఊగదు.

విరుద్ధ దిశలో, అంటే మరీ వెడల్పు రిమ్ము మీద సన్న టైరుతో పోతే ప్రమాదం ఇంకా పెద్దది. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ పందెంలో బెల్జియం రైడర్ థామస్ డి గెంట్ చక్రం నుంచి టైరు ఊడిపోయి కింద పడ్డాడు. అది లోపలి వెడల్పు 25 మి.మీ. ఉన్న, గోడలకు కొక్కేలు లేని కొత్త తరహా రిమ్ము. దాని మీద టైరు 28 మి.మీ., అంటే ఒకటింబావు రెట్లు కూడా కాదు. రాయి తగలడం వల్ల అయిందన్న వాదనా వినిపించింది. కానీ ఆ ఘటన తర్వాత చర్చంతా అంత వెడల్పు రిమ్ముకు 28 చాలునా, కనీసం 29 ఉండాలా అన్న ఒక్క మిల్లీమీటరు చుట్టూనే తిరిగింది. కొక్కేలు లేని రిమ్ములకు ప్రమాణాలు గాలిని 5 బార్, అంటే 73 పౌండ్ల లోపే ఉంచమంటాయి. ప్రపంచస్థాయి జట్టుకు దొరికే మెకానిక్కులు పెనుకొండ దారిలో మనకు దొరకరు కాబట్టి, ప్రయాణానికి కొక్కెం ఉన్న రిమ్మే నా ఓటు.

లావు టైరు నెమ్మదన్నది అన్నిటికన్నా మొండి ఆక్షేపణ. చాలాకాలం సైకిలు లోకమంతా దీన్ని నమ్మింది, పందేల్లో 23 మి.మీ. టైర్లే రాజ్యమేలాయి. నిజానికి టైరు దొర్లేటప్పుడు శక్తిని తినేది నేలకు ఆనిన చోట అది వంగి మళ్ళీ నిటారు కావడం. వెనక చక్రం మీద 60 కిలోలు ఉన్నాయనుకుందాం. 60 పౌండ్ల గాలితో నేలకు ఆనే చోటు సుమారు 14 చదరపు సెంటీమీటర్లు, టైరు సన్నమా లావా అన్నదానితో దీనికి పెద్ద నిమిత్తం లేదు. ఒకే గాలి దగ్గర సన్న టైరు ఆ చోటును పొడుగ్గా పరుస్తుంది, లావుది పొట్టిగా, అడ్డంగా పరుస్తుంది. పొట్టిగా పరిస్తే వంగే లోతు తక్కువ, నష్టమూ తక్కువ. లావు టైరులో గాలి తగ్గిస్తాం కాబట్టి నున్నటి తారు మీద ఈ లాభం చాలావరకు చెల్లుకు చెల్లవుతుంది. అతుకుల దారిలో కథ మారుతుంది. గట్టి టైరు ప్రతి గతుక్కూ సైకిలునూ మనిషినీ సామానునూ పైకి ఎత్తి కుదేస్తుంది. ఆ కుదుపులో పోయేది తొక్కేవాడి కండల శక్తే. అమెరికాలో జాన్ హైనె సంపాదకత్వంలోని ‘బైసికిల్ క్వార్టర్లీ’ పత్రిక 2000ల మధ్యకాలం నుంచి నిజమైన రోడ్ల మీద చేసిన పరీక్షల్లో తేల్చింది ఇదే. ఇప్పుడు పందెం జట్లు కూడా 28కీ, ఇంకా పైకీ వచ్చేశాయి. గంటకు 15, 18 కిలోమీటర్ల వేగంతో, పక్కన సంచులు వేలాడుతూ పోయే సైకిలుకు టైరు కోసుకునే ఎదురుగాలి గురించి బెంగ పడడం అనవసరం.

అయితే బరువో? లావు టైర్లు, వెడల్పు రిమ్ములు కలిసి అర కిలో పెంచాయనుకుందాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 100 కిలోలు. ధర్మవరం నుంచి హిందూపురానికి ఎదురెక్కితే నికరంగా 276 మీటర్లు. మొత్తం బరువును అంత ఎత్తుకు చేర్చడానికి దాదాపు 270 కిలోజౌళ్ళు కావాలి, అందులో ఆ అర కిలో వాటా ఒకటిన్నర కిలోజౌళ్ళ లోపే. సామాన్యుడు తీరిగ్గా తొక్కే 75 వాట్ల లెక్కన అది ఇరవై సెకన్ల పని. మధ్యలోని ఎత్తుపల్లాలు కలిపి మూడింతలు చేసుకున్నా నిమిషమే. ఇటుపక్క చూడండి. మామూలు ప్రయాణపు టైరుకు దొర్లుడు నష్టం గుణకం 0.006 అనుకుంటే 80 కిలోమీటర్లకు 470 కిలోజౌళ్ళు పోతాయి. గట్టి సన్న టైరు గతుకుల మీద దాన్ని పది శాతం పెంచినా 47 కిలోజౌళ్ళు, అంటే పది నిమిషాల కష్టం. అర కిలో గురించి పెట్టే బెంగ సామాను సంచిలో పెడితే మేలు, అక్కడ అనవసరమైనవి రెండు కిలోలైనా దొరుకుతాయి.

పంక్చర్ల విషయంలో మాత్రం లావు టైరు తరఫున ఎక్కువ చెప్పబోను. పల్లేరుగాయకు 25 అయినా 40 అయినా ఒకటే, రబ్బరు మందం, లోపలి రక్షణ పొర మాత్రమే దాన్ని ఆపుతాయి. ఆ మాటకొస్తే వెడల్పు టైరు కింద ముల్లు పడే అవకాశం కాస్త ఎక్కువ కూడా. లావు టైరు కాపాడేది ఇంకో రకం పంక్చరు నుంచి. గుంతలో పడ్డప్పుడు టైరు పూర్తిగా కుంగి, ట్యూబు రాయికీ రిమ్ముకూ మధ్య నలిగి, పాము కాటులా రెండు గాట్లు పడతాయి. సామాను ఉన్న వెనక చక్రానికే ఇది ఎక్కువ. నేలకూ రిమ్ముకూ మధ్య 40 మి.మీ. ఎత్తు ఉండడం 25 ఉండడం కన్నా ఎంత మేలో చెప్పనక్కర్లేదు. ఇక ఎండ. మన దగ్గర వేసవిలో టైరు పగిలితే ఎండకు గాలి ఉబ్బిందంటారు. 25 డిగ్రీల దగ్గర 58 పౌండ్లు కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు కాగినా గాలి తొమ్మిది పౌండ్లకు మించి పెరగదు. మంచి టైరుకు, తగిన రిమ్ముకు అది లెక్కలోనిది కాదు. ముందే హద్దు దాటి కొట్టిన గాలికీ, నూలు బయటపడ్డ టైరుకూ, పలచబడ్డ గోడకూ మాత్రం ఆ తొమ్మిది చాలు.

ఇంత లెక్క ఎందుకు, మన తాతలు ఏ పట్టిక చూసి శెనక్కాయ మూటలూ పాల క్యాన్లూ సైకిలు మీద తెచ్చారని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాళ్ళు చూడలేదు, ఎందుకంటే చూడాల్సినదంతా సైకిలులోనే కుదిర్చి ఇచ్చారు. రాడ్డు బ్రేకుల నల్ల సైకిలుకు ఒకటే రిమ్ము, ఒకటే టైరు. రిమ్ము వెస్ట్‌వుడ్ తరహాది, అంచులు గుండ్రంగా చుట్టిన వెడల్పాటి ఉక్కు పట్టీ, బ్రేకు రబ్బర్లు దాన్ని హబ్బు వైపు నుంచి పైకి నొక్కుతాయి తప్ప గోడలను గోకవు. టైరు 40 మి.మీ., గాలి ఎప్పుడూ మితంగానే. బరువు, వెడల్పు, గాలి ఈ మూడింటి పొత్తు అందులో ముందే కుదిరింది. ఎంపిక లేనప్పుడు తప్పుకూ చోటు లేదు. గేర్ల సైకిళ్ళు వచ్చాక రిమ్ములు పదమూడు నుంచి ఇరవై అయిదు దాకా, టైర్లు ఇరవై మూడు నుంచి అరవై దాకా వచ్చాయి. పాత పొత్తు చెదిరింది, దాన్ని మళ్ళీ కుదుర్చుకునే బాధ్యత కొనేవాడి మీద పడింది. పాత సైకిలు మన లెక్కకు ఎదురుసాక్ష్యం కాదు, మొదటి సాక్ష్యమే.

మరి రెండింతలే మంచిదైతే, 25 మి.మీ. రిమ్ము మీద 50 టైరు ఇంకా మంచిది కదా? పూర్తిగా గరుసు మీదే తిరిగేవాళ్ళకు అవును. మన దారిలో సగానికి పైగా తారే. పైగా చాలా గేర్ల సైకిళ్ళ ఫోర్కులో, మడ్‌గార్డుల కింద 50 పట్టదు. టైరుకూ ఫ్రేముకూ నడుమ ఇరుపక్కలా కనీసం అయిదారు మిల్లీమీటర్లు ఖాళీ లేకపోతే వానలో ఎర్రమట్టి చిక్కుకొని చక్రం ఆగిపోతుంది. అందుకే 19 నుంచి 21 మి.మీ. రిమ్ము, 37 నుంచి 42 టైరు ఈ దారికి తగిన జోడీ అంటాను. అంగట్లో 700×35 అని ఉన్నదే చాలాసార్లు 37-622, 700×38 అన్నది 40-622. రిమ్ము 15 మాత్రమే ఉంటే 32 దగ్గర ఆగి సామాను తగ్గించుకోవాలి. 17 ఉంటే 37 వేసుకోవచ్చు, గాలి మాత్రం మరీ తగ్గించకూడదు.

గాలి ఎంతో తేల్చడానికి అమెరికా రచయిత ఫ్రాంక్ బెర్టో చెప్పిన పదిహేను శాతం సూత్రం చాలు. మనిషి, సామాను ఎక్కాక టైరు తన ఎత్తులో పదిహేను శాతం కుంగాలి, అంటే 40 టైరు ఆరు మిల్లీమీటర్లు. సైకిలును గోడకు ఆనించి, రిమ్ము అంచు నుంచి నేలకు ఉన్న దూరం ఖాళీగా ఒకసారి, ఎక్కి కూర్చున్నాక ఇంకొకరి చేత ఒకసారి కొలిపిస్తే తెలిసిపోతుంది. ఇందాకటి 100 కిలోల లెక్కకు ఇది వెనక 50, 60 పౌండ్ల మధ్య, ముందు 40 దగ్గర తేలుతుంది. రెండు చక్రాలకూ ఒకే గాలి కొట్టే అలవాటు మానుకోవాలి, ముందు చక్రం మీద బరువు అంత ఉండదు. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠాల్లో ఏది తక్కువైతే అదే హద్దు.

చివరగా ట్యూబు సంగతి. ఈ చిన్న పట్టణాల్లో 622 టైరు అడిగిన వెంటనే దొరక్కపోవచ్చు, కాబట్టి మడత పెట్టే టైరు ఒకటి సంచిలో ఉంచుకోవడం తెలివి. ట్యూబుకు అంత ఇబ్బంది లేదు. 28 × 1½ నల్ల సైకిలు ట్యూబు ఏ పంక్చరు షాపులోనైనా ఉంటుంది. 635కీ 622కీ తేడా పదమూడు మిల్లీమీటర్లే కాబట్టి, రబ్బరు సర్దుకొని 40 టైరులో చక్కగా కూర్చుంటుంది. అడ్డం వచ్చేది వాల్వు. దేశవాళీ ట్యూబు వాల్వు లావు, దానికి రిమ్ములో ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి. ఖరీదైన రిమ్ములకు చాలావాటికి సన్న వాల్వు కోసం ఆరున్నరే తొలిచి ఉంటుంది. రిమ్ము కొనేటప్పుడు లోపలి వెడల్పుతో పాటు ఆ రంధ్రం కూడా చూసుకోవాలి. పెద్ద రంధ్రంలో సన్న వాల్వు చిన్న వాషరుతో నిలబడుతుంది గానీ, చిన్న రంధ్రంలో లావు వాల్వు దూర్చడానికి దారిలో డ్రిల్లింగు మిషను వెతుక్కోవాలి.